తువ్వాల కింద బేరం

ఎనుమాముల మార్కెట్ల పొద్దంత మిర్చి బస్తాలు మోసి
ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుంటే
అద్దం మీద ఘాటు అంటుకుంటది.
దాన్ని ముట్టిన మా మనోజ్ఞకు
వరుసగ మూడు తుమ్ములు.
"నాయినా, ముందుగాల చేతులు కడుక్కో" అంటది,
తుమ్ముకుంటనే ఆట ఇడవదు.

పదకొండేండ్ల పిల్ల.
తుపాకి పట్టి ఏదో దీవి మీద దుంకుతది.
లెక్కల నోటుబుక్కు మంచం కింద పడి ఉంటది.
ఎండల తిరగకుంట ఇంట్లనే ఉన్నది గద,
ఆడుకోనీ అనుకున్న.
ఇల్లంటే నాలుగు గోడలని
ఇంకా నమ్మేటోణ్ని.

ఓనాడు రాత్రి కరెంటు పోయింది.
చీకట్ల ఫోనొక్కటే ఎలుగుతున్నది.
అండ్లకెల్లి ఒక గొంతు:
"చెల్లే, డైమండ్లు పంపిస్త,
ఒక్క ఫోటో పెట్టు.
ఇంట్ల మాత్రం జెప్పకు."

తియ్యటి గొంతు. తొందర లేని గొంతు.
ఏ ఊరిదో, ఏ వయసుదో
పోల్చుకోరాని గొంతు.

గుంజుకున్న. అరిచిన.
ఫోన్‌ను బియ్యం డబ్బల కుక్కి మూత పెట్టిన.
మూడు రోజులు పిల్ల నాతోని మాట్లాడలే.
నాలుగోనాడు తెలిసింది,
పక్కింటి నవాజ్ ఫోన్ల ఆడుతున్నదని,
ఆ గొంతు ఆడికి గూడ ఒచ్చిందని.

నేను మూత పెట్టింది ఫోన్ మీద గాదు,
పిల్ల నోటి మీద.

నిద్ర పట్టక పొర్లుతుంటె
పరకాల అంగడి యాదికొచ్చింది.
నాకప్పుడు తొమ్మిదేండ్లు.
ఎడ్ల బేరగాడు మా నాయిన చేతి మీద తువ్వాల కప్పి
కింద ఏళ్లు పిసికి రేటు జెప్పిండు.
"నీకొక్కనికే ఈ ధర, పక్కోనికి జెప్పకు" అన్నడు.
ఇంటికి తోలుకొచ్చినంక పండ్లు చూస్తే
ముసలి ఎద్దు.
పైసలు పోయినందుకు మా నాయిన అంత బాధ పడలే.
అమ్మకు జెప్పలేక
నెల దినాలు కొట్టంలనే పండుకున్నడు.

తెల్లారి డబ్బ మూత తీసిన.
ఫోన్‌కంటిన బియ్యం గింజ దులిపి
"నాక్కూడ నేర్పు బిడ్డా" అన్న.
అనుమానంగ చూసింది.
నేను దీవి మీద దుంకబోయి సముద్రంల పడ్డ.
నాలుగు సార్లు సచ్చిన.
"బస్తా లెక్క పడ్డవు నాయినా" అని
పొట్ట పట్టుకొని నవ్వింది.
ఆ నవ్వు ఆగినంక, తల ఎత్తకుంట, మెల్లగ:
"ఒక ఫోటో పెట్టిన.
నా మొకం గాదు.
మన దర్వాజ."

దర్వాజ మీద ఇంటి నంబర్ ఉన్నది.
నీలం రంగుతోని నేనే రాసిన.

నోటి దాకా ఒచ్చిన తిట్టును
నమిలి మింగిన.
ముసలి ఎద్దు కథ జెప్పిన,
మా నాయిన కొట్టంల పండుకున్న సంగతితో సహా.
ఆ మాటలేవీ తుడపకుంట
ఇద్దరం ఠాణాకు పోయినం.
బెంచి మీద నా చిటికెన ఏలు పట్టుకొని కూసున్నది,
బడిల చేర్పించిన మొదటి రోజు లెక్క.

తెల్వనోళ్ల గొంతు ఆపే బటన్
ఏడుందో ఆమెనే చూపెట్టింది.
మొదటి సంది అది ఆడనే ఉన్నదట.
అడిగినోళ్లే లేరు.

ఇప్పుడు రాత్రయితే ఫోన్లు ముందర్రల
కుట్టు మిషన్ మీద పండుకుంటయి.
నాది గూడ. అది ఆమె పెట్టిన షరతు.
ఆట బంద్ కాలే.
ఆదివారం ఇద్దరం దుంకుతం,
నేనిప్పటికీ సముద్రంలనే.

భయం పోయిందా అంటే పోలే.
కొత్త పేరు తెర మీద కనబడ్డప్పుడల్ల
నీలం రంగు నంబర్
కండ్ల ముందట ఆడుతది.

మొన్న నాకొక మెసేజ్ ఒచ్చింది:
కరెంటు బిల్లుల పైసలు వాపసట,
నంబర్ జెప్పాల్నట, ఎవ్వరికీ జెప్పొద్దట.
నేను ఒత్తబోతుంటె
వెనకకెల్లి మనోజ్ఞ తొంగి చూసింది.
"నాయినా,
గిది తువ్వాల కింద బేరం."
చెయ్యి చాపింది.
ఫోనిచ్చిన.

మూడు తుమ్ములు.